నీళ్ళాయన పూలమడి

పాండిచేరి ముదలియార్‌పేటలో మా వీధి కుళాయిల్లోకి తెల్లవారకముందే నీళ్ళు వచ్చేవి. వాటంతట అవి రావని, ఒక మనిషి సైకిలు మీద వచ్చి వదిలితేనే వస్తాయని ఈ వీధికి కాపురం వచ్చిన కొత్తలో నాకు తెలిసింది. వీధి మొదట్లో రోడ్డు మధ్య ఒక ఇనుప మూత ఉంటుంది. దామోదరం ఆ మూత ఎత్తి, తన రొమ్ముదాకా వచ్చే పొడవాటి ఇనుప తాళం లోపలికి దించి, అడుగునున్న వాల్వును రెండు చేతులా బలంగా తిప్పేవాడు. తిప్పగానే వెళ్ళిపోయేవాడు కాదు. తాళం పిడికి చెవి ఆనించి కాసేపు నిలబడేవాడు. భూమి లోపల గొట్టంలో నీళ్ళు వీధి కొసదాకా చేరాయో లేదో ఆ చప్పుడును బట్టి తెలుసుకునేవాడు. కొసన ఉన్న ఇళ్ళకు ఎప్పుడూ ధార సన్నగానే వచ్చేది. కట్టేయవలసిన వేళ దాటినా అక్కడి ఆడవాళ్ళ బిందెలు నిండేవరకు ఆయన వాల్వు కట్టేవాడు కాదు. పైవాళ్ళు అడిగితే "తాళం బిగుసుకునింది సార్" అనేవాడు. ఏళ్ళ తరబడి ఆ తాళం మా వీధిలో మాత్రమే ఎందుకు బిగుసుకునేదో పైవాళ్ళూ ఆరా తీయలేదు.

వీధిలో తమిళులు ఆయన్ని తణ్ణిక్కారర్ అనేవారు. మన తెలుగు ఇళ్ళలో నీళ్ళాయన. మాకు ఇంట్లో మాట తెలుగు, చదివేది తమిళం, సంతకం ఇంగ్లీషులో. దామోదరం ఇంటికీ మా ఇంటికీ నడుమ మనిషి అడ్డంగా నడవలసినంత సందు. నా కిటికీ దగ్గర కూర్చుంటే వాళ్ళ వాకిలి మొత్తం కనిపిస్తుంది. ఈ వయసులో నాకు చదువుకోవడానికి అంతకంటే వెలుతురున్న చోటు ఇంట్లో లేదు. అందుచేత ఆ వాకిట్లో జరిగినవన్నీ పేజీకీ పేజీకీ మధ్య చూస్తూ వచ్చాను.

దామోదరం ఉద్యోగం దిగిన తరవాత, నీళ్ళు పోయకుండా ఉండడం నేర్చుకోవలసి వచ్చింది. ఆయనకి అదెంత కష్టమో పక్కింటివాళ్ళకే తెలుసు. అదంతా భార్య కోసం.

కోమలది ఏంబలం పల్లె. సేద్యం చేసుకునే ఇంటి పిల్ల. పెళ్ళయి ఈ ఇరుకింటికి వచ్చినప్పుడు, గడపకూ ప్రహరీకీ మధ్య ఉన్న కాస్త నేలను చూసి, "ఇంత నేలేనా?" అందట. ఆ ఇంత నేలలోనే మల్లెపందిరి వేసింది. సాయంత్రం ఎండ వాలగానే తిన్నె మీద కూర్చుని మొగ్గలు ఒళ్ళో పోసుకునేది. చేతులు వాటి పని అవి చేసుకుంటూ ఉంటే నోరు దాని పని అది చేసుకునేది. ఎదురింటి సెంగమలం వచ్చి కూర్చునేది. ఆ వెనక ఇంకొకరు, ఇంకొకరు. వీధిలో ఎవరింట్లో ఏం జరిగిందో తెలియాలంటే ఆ తిన్నె దగ్గరికి రావలసిందే. పోయేటప్పుడు తలా ఒక మూర మల్లె చేతిలో పెట్టేది.

ఆ పెద్ద జ్వరాల ఏడు వీధిలో చాలామంది పడ్డారు. కోమల కూడా పడింది, లేచింది. లేచాక చూస్తే వాసన తెలియడం లేదు. సెంగమలానికీ అంతే జరిగి, నెల తిరక్కుండానే సర్దుకుంది. కోమలకు సర్దుకోలేదు. డాక్టరు కొందరికి ఇలా నిలిచిపోతుందనీ, ఎప్పటికి తిరిగి వస్తుందో చెప్పలేమనీ అన్నాడు. ఒక సాయంత్రం ఆమె ఎప్పటిలాగే మల్లెలు కట్టింది. కట్టిన దండ ముక్కు దగ్గరికి తీసుకుంది. కాసేపు అట్లాగే పట్టుకుని, సెంగమలం ఒళ్ళో పడేసి లేచింది.

"కాగితాలు కట్టినట్టుండాది సెంగమలం. ఇంక నావల్ల కాదు."

లోపలికి పోయింది. ఆ తరవాత తిన్నె మీదికి రాలేదు. మొగ్గలు పందిరి మీదే విచ్చుకుని కింద రాలేవి. పొద్దున వాకిలి ఊడ్చడం, ముగ్గు గీయడం కూడా దామోదరం మీదే పడ్డాయి. ఆయన ముగ్గు ఎట్లా ఉండేదో రాయకపోవడమే మర్యాద.

వంటింట్లో ఆయనే ఆమె ముక్కు. పోపు వేస్తూ "మాడిందా?" అని అరిచేది. ఈయన వాకిట్లోంచి "లేదు" అనేవాడు.

"నిజం చెప్పు."

"నిజమేనే. బాగుండాది."

"నువ్వు మాడినా బాగుండాదనే అంటావు. నీతో ఒకటే తొందరవు, తంటా."

దామోదరం గోడ దగ్గరికి వచ్చి, కిటికీ చువ్వలు పట్టుకుని నాతో అన్నాడు ఒకసారి. "దానికి వాసన తెప్పించేది నా చేతిలో లేదన్నా. అది మళ్ళా వాకిట్లోకి రావాల. నలుగురితో మాట్లాడతా కూర్చోవాల. అంతే. ఇంకేం అడగను."

కనకాంబరం తెచ్చి చూశాడు. దానికి వాసన ఉండదు కదా అని. కోమల దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు. "మల్లె లేకుండా కనకాంబరం ఎవురు కడతారు? ఊరికే తెచ్చినావు, సుమ్మా పో" అంది. మందారం తెస్తే దేవుడి పటానికి పెట్టి లోపలికి పోయింది. అవన్నీ ఆమెకు పాత పరిచయాలు. ప్రతి పువ్వు పక్కనా మల్లె వచ్చి కూర్చునేది.

వాళ్ళ కూతురు మోనిక కిరుమాంబాక్కంలో కాపురం. అక్కడే ఆసుపత్రిలో నర్సు. ఆదివారాలు వచ్చేది. దామోదరం ఆమెను వీధి మొదటిదాకా సాగనంపుతూ, వాసన లేని పువ్వు, అమ్మ ఎప్పుడూ చూడని పువ్వు ఏదైనా ఉంటే కనుక్కోమన్నాడు.

"వాసన లేందెందుకు నాయినా? అమ్మకు ఇంకా బాధ గదా?"

"వాసనుంటే, తనకు తెలీడంలేదని బాధ. అసలు వాసనే లేందనుకో, అప్పుడు ఊరందరికీ ఎంతో మీయమ్మకూ అంతే."

ఈ మాట మోనిక తరవాత నాకు చెప్పింది. నేను పుస్తకాల్లో చాలా ప్రేమలు చదివాను. ఇంత లెక్కగా ఆలోచించినది తక్కువ.

ఆ మే నెలలో ఆసుపత్రి వాళ్ళంతా బస్సు మాట్లాడుకుని ఊటీ పూల ప్రదర్శనకు పోయారు. మోనిక అక్కడ ఒక పువ్వు చూసింది. పొడుగు కాడ, చివర ఊదా గులాబీ రేకులు, నడుమ ముళ్ళముళ్ళుగా గట్టి బొడిపె. చేత్తో తాకితే దువ్వెన పళ్ళ మీద వేలు లాగినట్టుంది. పేరు కోన్‌ఫ్లవర్ అన్నారు. విత్తనాల పొట్లం కొనుక్కొచ్చి నాన్న చేతిలో పెట్టింది. వెనక ఉన్న ఇంగ్లీషు చదివి చెప్పింది.

"చలి దేశపు మొక్క నాయినా ఇది. కొన్ని వారాలు విత్తనం చలిలో ఉండాలంట. అప్పుడే బాగా మొలిచేది."

"పాండిచేరిలో చలి యాడుండాది?"

"ఫ్రిజ్జులో."

వానలు వెనకబట్టే రోజుల్లో దామోదరం ఒక టిఫిను డబ్బాలో తడి ఇసుక పోసి, విత్తనాలు అందులో కలిపి, దోసెపిండి గిన్నె పక్కన పెట్టాడు. మర్నాడు పొద్దున్నే కోమల గొంతు నా కిటికీదాకా వినిపించింది.

"ఏందయ్యా ఇది? తినే పిండి పక్కన మన్ను పెట్టిండావు?"

"విత్తనాలే. నిద్ర పోతాండాయి."

"ఫ్రిజ్జులోనా? నీకేమన్నా అయిందా?"

"కొన్నాళ్ళే. నువ్వు మూత తియ్యబాక."

"దాన్లో ఏదన్నా కుళ్ళితే నువ్వే చూసుకోవాల. నాకు తెలీదు."

ఆ చివరి మాట కటువుగానే అంది. కానీ ఇంట్లో ఒక కొత్త వస్తువు గురించి ఆమె అంతసేపు మాట్లాడడం చాలాకాలం తరవాత అదే మొదలు. దామోదరం మొహంలో అది కనిపించింది. పిండి తీసిన ప్రతిసారీ ఆ డబ్బాను పక్కకు జరపాలి, జరిపిన ప్రతిసారీ ఒక విసురు విసరాలి. కొన్నాళ్ళకు విసుర్ల నడుమ "ఏం, ఇంకా లేవలేదా నీ కుంభకర్ణులు?" అన్న ప్రశ్న కూడా వచ్చింది.

మార్గళి నెల, అంటే ధనుర్మాసపు చల్లదనంలో చిన్న చిన్న కుండీల్లో ఇసుక కలిపిన మట్టి మీద విత్తనాలు చల్లాడు. పైన మట్టి కప్పీ కప్పనట్టు కప్పాడు. మొలకలు వచ్చాయి. ఆకులు గరుకుగా, పిల్లి నాలుక మాదిరి. ఎండలు ముదరకముందే వాటిని ప్రహరీ వెంట నేలలో వరసగా నాటాడు. కోమల తలుపు దగ్గర నిలబడి చూసేది. గడప దాటేది కాదు.

ఏప్రిల్ నడిమికి చిత్తిరై ఎండలు వచ్చాయి. మా ఊరి ఎండ తెలుసు కదా, సముద్రం పక్కనే ఉన్నా గాలి మధ్యాహ్నందాకా రాదు. పదకొండు దాటేసరికి ఆ మొక్కల ఆకులు బట్టల్లా వేలాడేవి. దామోదరానికి మనసు ఆగేది కాదు. చెంబుతో మొదలుపెట్టి, బకెట్టుదాకా పోయాడు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. జీవితమంతా ఖాళీ బిందెలు చూసిన మనిషి ఆయన. వాలిన తల ఏది చూసినా నీళ్ళు అడుగుతున్నట్టే కనిపించేది. బియ్యం కడిగిన నీళ్ళు సెంగమలం తెచ్చి పోసేది. వీధిలో పోయేవాళ్ళు కూడా, పాపం వాడిపోయిందే అని, సీసాలో మిగిలినవి ప్రహరీ మీదుగా వంచి పోయేవారు. నీళ్ళకోసం క్యూలో నిలబడ్డ వీధి మాది. ఇక్కడ ఎవరిమీదనైనా దయ కలిగితే ముందు నీళ్ళే పోస్తారు.

ఒక మొక్క పోయింది. ఆయన మిగతావాటికి ఇంకొంచెం ఎక్కువ పోశాడు. ఇంకొకటి పోయింది. నేల ఎప్పుడూ బురదగానే ఉండేది, మొక్క మాత్రం ఎండినట్టే ఉండేది. దామోదరం నాతో మాట్లాడడం తగ్గించాడు. కోమలకు చూపించడానికి తెచ్చిన పువ్వు, పూయకముందే ఆమె కళ్ళముందు చచ్చిపోతోంది. ఇంతకంటే తేకపోవడమే నయం అన్న ఆలోచన ఆయన నడకలో కనిపించేది.

ఒక మిట్టమధ్యాహ్నం ఆయన బకెట్టు పట్టుకుని వంగినప్పుడు తలుపు పూర్తిగా తెరుచుకుంది. కోమల చెప్పులు కూడా వేసుకోకుండా గడప దాటి వచ్చింది.

"పొయ్యబాక."

ఆయన ఆగాడు. ఆమె కింద కూర్చుని, అందరికంటే ఎక్కువ వాడిన మొక్కను మొదట పట్టుకుని లాగింది. అడ్డు లేకుండా చేతిలోకి వచ్చేసింది. వేరు నల్లగా, మెత్తగా ఉంది. బొటనవేలితో నొక్కితే పై తోలు ఊడి వేలికి అంటుకుంది. అలవాటుగా దాన్ని ముక్కు దగ్గరికి తీసుకోబోయి, మధ్యలోనే చెయ్యి ఆపింది. చెయ్యి చాచి దాన్ని ఆయన ముక్కు కింద పెట్టింది.

"ఎట్ల వస్తాంది వాసన?"

దామోదరం మొహం పక్కకు తిప్పుకున్నాడు. "సాక్కడ వాసన. మురిక్కాలవ మాదిరి."

"కుళ్ళిపోయుండాది. దప్పిక కాదయ్యా దీనికి. నువ్వు నీళ్ళు పోసి చంపినావు."

"ఆకు వాలిపోయిందే..."

"ఎండకు వాలతాది. సాయంత్రం అదే లేస్తాది. మా నాయిన చేన్లో మిరపనారు చూసినాను నేను, మొగం ఎట్ల పెడతాదో. అదేం ఏడుపు కాదు. ఎండ తగలకుండా ముసుగేసుకునేది. నువ్వు వీధికి నీళ్ళిచ్చినట్టు దీనికీ ఇస్తే యాడ బతుకుతాది?"

ఆయన బకెట్టు కింద పెట్టాడు. ఆ మనిషి అంత చిన్నగా అయిపోవడం నేను ఎప్పుడూ చూడలేదు. కోమల కూడా అది గమనించినట్టుంది. గొంతు తగ్గించి, "పో, చెయ్యి కడుక్కో" అంది. మిగిలిన మొక్కల మొదళ్ళు ఒక్కొక్కటే వేళ్ళతో తడిమింది. గట్టిగా ఉన్నవాటి దగ్గర ఆకు గిల్లి గుర్తు పెట్టింది. చాలా కొన్నే మిగిలాయి.

మర్నాడు పొద్దున నేను కిటికీ తెరిచేసరికి ఆమె కొంగు బిగించి, పార పట్టుకుని వాకిట్లో ఉంది.

వీధి మూలన ఒక పాత పెంకుటిల్లు పడగొడుతున్నారు. పగిలిన పెంకులు, ఇటుక ముక్కలు దామోదరం సైకిలు వెనక గోనెసంచిలో మోసుకొచ్చాడు. కోమల వాటిని అడుగున పరిచి, పైన ఇసుక ఎక్కువగా కలిపిన మట్టి పోసి, మోకాలి కింద ఎత్తుకు గట్టు లేపింది. ఆయన ఎక్కడినుంచో పేడ కూడా తెచ్చాడు.

"దాన్ని యాడన్నా వేరేచోట వెయ్యి. దీనికొద్దు."

"బలం గదా?"

"బలిస్తే కాడ నిలబడదు. పొడుగ్గా పెరిగి పడిపోతాది. బక్కగా ఉండనీ."

మిగిలిన మొక్కలను వేరు చుట్టూ మట్టి చెదరకుండా, పసిబిడ్డను ఎత్తినట్టు రెండు చేతులా ఎత్తి గట్టు మీద కూర్చోబెట్టింది. లోతుగా దిగే వేరది. కదిలిస్తే అలుగుతుంది. కొన్నాళ్ళు అలిగాయి కూడా. ఆ అలిగిన రోజులే దామోదరానికి పరీక్ష. కోమల ఒక కట్టడి పెట్టింది. పొద్దున మట్టిలో వేలు రెండు కణుపులదాకా దించి చూడాలి. లోపల తడి తగిలితే నీళ్ళు లేవు.

"తడుండాది" అనేవాడు ఆయన, వాకిట్లోంచి.

"అట్లయితే ఇంట్లోకి రా."

"పైన ఎండిపోయుండాదే."

"పైన నీకెందుకు? వేరు పైనుండాదా?"

చెంబు నింపుకుని గట్టుదాకా వచ్చి నిలబడి, వెనక్కి వెళ్ళిపోయేవాడు. కొన్నిసార్లు ఆ నీళ్ళు అట్లాగే మోసుకుపోయి వీధి మలుపులో ఉన్న కానుగ చెట్టుకు పోసి వచ్చేవాడు. ఆ ఏడు కానుగ భలే చిగిర్చింది. ఆయనతో కలిసి పనిచేసిన సుబ్బరాయలు ఒకరోజు సైకిలు దిగి, బీటలువారినట్టున్న ఆ మట్టిని చూసి నవ్వాడు.

"ఏంది దామోదరం, ఊరికంతా నీళ్ళిచ్చి ఇంట్లో కరువు పెట్టుకున్నావే?"

"వాల్వు ఇప్పుడు దాని చేతిలో ఉండాది. పోయి దాన్నడుగు" అన్నాడు దామోదరం, లోపలి వైపు చూపించి. ఆ మాట చెప్పడంలో ఆయనకు చిన్నతనం ఏమీ లేకపోగా, ఒకలాంటి గొప్ప కనిపించింది.

మనిషి ఒక మంచిపని జీవితమంతా చేశాక, అదే పని ఒకచోట చెరుపు చేస్తుందని ఒప్పుకోవడం తేలిక కాదు. ఆయన ఒప్పుకున్నాడు. చేతులు వెనక కట్టుకుని నిలబడడం అరవై దాటాక నేర్చుకున్నాడు.

జూలైలో ఆడి నెల గాలులు మొదలయ్యే వేళకు కాడలు లేచాయి. కొసన ఆకుపచ్చ బిళ్ళ, దాని చుట్టూ చిన్న చిన్న రేకులు. మొదట అవి పైకి, పక్కకి చాపుకుని ఉన్నాయి. బిళ్ళ రోజురోజుకీ ఉబ్బి, నారింజరంగు ముళ్ళతో గట్టి బొడిపె అయింది. అది ఉబ్బుతున్న కొద్దీ ఊదా రేకులు కిందికి వాలాయి. బాడ్మింటను ఆటలో ఎగరేసే బంతి ఈకలు కిందికి ఉండేటట్టు పట్టుకుంటే ఎట్లా ఉంటుందో అట్లా. కోమల మొదటి పువ్వు దగ్గర చాలాసేపు కూర్చుంది. అరచెయ్యి బొడిపె మీద ఆనించి, అటూ ఇటూ తిప్పింది.

"ముళ్ళపంది మాదిరుండాది" అంది.

దామోదరం పక్కనే నిలబడి, "బాగుండాదా?" అని అడిగాడు.

"చేతికి బాగుండాది." ఇంకొంచెంసేపు తిప్పి, "దీనికి వాసనుండాదా?" అంది.

ఆయన వంగి, కళ్ళు మూసుకుని, గట్టిగా పీల్చాడు. "ఏం లేదు."

"నిజం చెప్పు."

"నా మీదొట్టు. మన్ను వాసన తప్ప ఏమీ లేదు."

ఆమె ఆయన మొహం వైపు చూసి, మళ్ళీ పువ్వు మీద చెయ్యి పెట్టింది.

అసలు చిక్కు ఆ తరవాత వచ్చింది. రేకులు వాలి ఉండడమే ఆ పువ్వు అందం. అది వీధికి ఎవరు చెప్పాలి? మర్నాడు మధ్యాహ్నం సెంగమలం చెంబెడు నీళ్ళు తెచ్చి ప్రహరీ మీదుగా గట్టు మీద గుమ్మరించింది. కోమల లోపలినుంచి పరుగెత్తుకొచ్చింది.

"ఏమే, ఎవురు పొయ్యమన్నారు నిన్ను?"

"పూలన్నీ తల వేలాడేసుకోనుండాయే అక్కా. చూడలేకపోయినాను."

"అది అట్లనే ఉంటాది. దాని పుట్టకే అంత."

"వాడిపోయినట్టు పుట్టేదేందక్కా? ఎవురన్నా అట్ల పుడతారా?"

"నువ్వు పుట్టలా?"

సెంగమలం నవ్వు ఆపుకోలేక చెంబు గోడ మీద పెట్టేసింది. సాయంత్రం ఇంకెవరో సీసా వంచబోయారు. పాలవాడు, ఇస్త్రీ ఆయన, పక్క వీధి నుంచి బస్సు కోసం పోయే ఆడవాళ్ళు, అందరికీ ఆ పూలమీద జాలే. కాపలా లేకపోతే గట్టు వారంలో బురదవుతుంది. దామోదరాన్ని కాపలా పెట్టలేం. ఎవరైనా వాడిపోయిందే అంటే ఆయనకే గుండె కరిగి, పోయనిచ్చినా పోయనిస్తాడు. కోమల తానే తిన్నె మీద చేరింది. మొదట మధ్యాహ్నం ఎండపూట మాత్రం. తరవాత సాయంత్రం జనం తిరిగే వేళ కూడా. "నీళ్ళొద్దమ్మా, అది అట్లనే ఉంటాది" అని ఒకరికి చెప్తే, అయితే ఇదేం పువ్వు అని వాళ్ళు నిలబడేవారు. నిలబడ్డవాళ్ళను "లోపలికొచ్చి తాకి చూడండి" అనేది. తాకి చూసినవాళ్ళు కూర్చునేవారు. కూర్చున్నాక మాట ఎక్కడెక్కడికో పోయేది. రంగురంగుల సీతాకోకచిలుకలు ఆ ముళ్ళ బొడిపెల మీద వాలి, లేచి, మళ్ళీ వాలేవి.

"ఒకటి కోసియ్యక్కా, తల్లో పెట్టుకుంటాను" అని సెంగమలం అడిగింది ఒకసారి.

"ముళ్ళపందిని తల్లో పెట్టుకుంటావా? మీ ఆయన పక్కకొస్తాడా?"

ఆ నవ్వులకు నేను చదువుతున్న పేజీ మూసేశాను. దామోదరం అప్పుడు వీధి మొదట్లో సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇంటికి రావడానికి తొందరేమీ లేనట్టు, దూరంనుంచే చూస్తూ ఉన్నాడు.

కార్తీకంలో తుఫాను వచ్చింది. మా ఊరు వానలు ఎరగనిది కాదు, కానీ ఆ వాన వేరు. మేఘం ఊరిమీదే కూర్చుండిపోయింది. తెల్లవారేసరికి వీధి కాలువ నిండి, నీళ్ళు వెనక్కి ఇళ్ళ వాకిళ్ళలోకి ఎక్కుతున్నాయి. దామోదరం వాకిలిలో నీళ్ళు గట్టు అంచును నాకుతున్నాయి. కిటికీ రెక్క ఓరగా తెరిచి చూశాను. ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పూల కాడలు కొన్ని అప్పటికే పడిపోయాయి. ఆయన చూస్తున్నది పూలను కాదు, లోపలి వైపు. ఇవి పోతే ఆమె మళ్ళీ గడప వెనక్కి పోతుందన్న భయం. ఆ భయం నాకూ ఉంది.

కోమల ప్లాస్టిక్ సంచి తలకు కట్టుకుని, పార భుజాన వేసుకుని బయటికొచ్చింది.

"ఏమే, యాడికి? జ్వరమొస్తాది."

"నీళ్ళు నిలబడితే రేపటికి వేరు కుళ్ళుతాది. ఇది యాడికన్నా పోవాల. ఎటుపక్క పల్లం?"

ఆ ప్రశ్నకు జవాబు ఆ వీధిలో ఆయనకంటే బాగా ఎవరికీ తెలియదు. ఏ రోడ్డు కింద గొట్టం ఎటు వాలిందో ఆయన అరికాళ్ళకు తెలుసు. "మన ముందర కాలువ నిండిపోయింది. దాన్లోకి పోదు. తూర్పు మూల గోడ పగలగొడితే సందులోకి పోతాది. సందు వెనకపక్క పెద్ద కాలువకు వాలుండాది" అన్నాడు. లోపలికి పోయి గడ్డపార తెచ్చాడు. ఆ మూల ప్రహరీ కింది ఇటుకలు ఆయన పొడుస్తుంటే, గట్టు చుట్టూ ఆమె కాలువ తవ్వుతూ వచ్చింది. వాన చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినిపించక అరుచుకున్నారు.

"ఇంకా లోతుగా తవ్వు."

"నువ్వు ముందు గోడకు ఓట్ట పెద్దది చెయ్యయ్యా."

ఇటుక ఊడింది. నీళ్ళు ఒక్కసారి సుడి తిరిగి మా సందులోకి దూకాయి. నా గోడ పక్కనుంచే బురద నీళ్ళు ఉరుకుతూ పోయాయి. దామోదరం గడ్డపార మీద చెయ్యి ఆనించి ఆ పోయే నీళ్ళను చూశాడు. ఊరికి నీళ్ళు తెచ్చి ఇచ్చిన మనిషి, తన వాకిట్లోంచి నీళ్ళను సాగనంపుతున్నాడు. కోమల అక్కడే నిలబడి, కాలువలో అడ్డం పడిన ఆకులు కాలితో తోసేస్తూ ఉంది. సెంగమలం ఎదురింటి గుమ్మంలోంచి ఏదో అరిచింది. "నీ వాకిలి చూసుకో ముందు" అని కోమల అంతకంటే గట్టిగా అరిచింది.

వాన తెరిపి ఇచ్చి, ఎండ కాసిన రోజున లెక్క తేలింది. సగానికి పైగా మొక్కలు పోయాయి. అంచున ఉన్నవి మట్టితో సహా కొట్టుకుపోయాయి. గట్టు నడిమి ఎత్తులో ఉన్నవి ఆకులన్నీ రాలి, మొదలు మాత్రం గట్టిగా ఉన్నాయి. దామోదరం చచ్చిపోయిన మొక్కలను ఏరి ఒకచోట వేస్తున్నాడు. భార్య మొహం వైపు చూడడం లేదు.

"పోతే పోనీలే కోమలా" అన్నాడు చివరికి, ఆమెకంటే తనకే చెప్పుకుంటున్నట్టు. "నువ్వు లోపల కూర్చో. నేను శుభ్రం చేస్తాను."

"లోపల నాకేం పని?" కోమల మిగిలిన మొక్కల చుట్టూ మట్టి సర్దుతూ తల ఎత్తలేదు. "గట్టు చాల్లేదు. నేనే తక్కువ లేపినాను. ఇంకో జానెడు లేవాల. అంచున పెంకులు నిలబెట్టి కట్టాల, అట్లయితే మన్ను జారదు. ఆ పడగొట్టిన పెంకుటింటి కుప్పలో ఇంకా ఏమన్నా మిగిలుండాదేమో పోయి చూడు."

"ఇప్పుడా?"

"ఇప్పుడు గాక అప్పురం ఎప్పుడు? వాళ్ళు లారీకెత్తేసినాక?"

ఆయన గోనెసంచి దులిపి సైకిలు తీశాడు. వీధిలో ఇంకా అక్కడక్కడా నీళ్ళు నిలిచి ఉన్నాయి. సెంగమలం ఎదురింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. కోమల గట్టు మీదినుంచి లేచి, బురద చేతులతోనే ప్రహరీ దగ్గరికి వచ్చి వెనకనుంచి పిలిచింది.

"పెద్ద ముక్కలు చూసి తే. పోయినసారి మాదిరి పొడి తీసుకరాబాక. సెంగమలం, నీ కొడవలి ఉంటే ఇట్లియ్యి. సుమ్మా నిలబడి చూస్తావేంది, వచ్చి ఆ పక్క పట్టుకో."